డీ-అడిక్షన్ సిబ్బందికి తక్కువ ఖర్చుతో నిరంతర శిక్షణ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల డీ-అడిక్షన్ కేంద్రాల్లో పనిచేసే కౌన్సెలర్లు, నర్సులు తమ వృత్తి జ్ఞానాన్ని పెంచుకోవడానికి జీతంలో పెద్ద భాగం వెచ్చించనవసరం లేదు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌కు చెందిన డిజిటల్ అకాడమీ ఆన్‌లైన్ కోర్సుల ప్రకటనలను గమనిస్తూ ఉండి, అర్హత, రుసుము, తరగతుల వేళలు మీ డ్యూటీకి కుదురుతాయో లేదో చూసుకున్నాకే చేరండి. ఈ రంగంలోని వారి అంతర్జాతీయ సంఘమైన ఇస్సప్‌లో సభ్యత్వం ఉచితం; దాని వెబినార్లు ఇంటి నుంచే వినవచ్చు. ప్రత్యక్ష శిక్షణ కావాలంటే, 1980లో మొదలైన వ్యసన చికిత్సా సంస్థ టి.టి.రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ చెన్నైలోనే ఉంది కనుక ప్రయాణ ఖర్చూ తక్కువే.

అయితే ధ్రువపత్రం కన్నా సాధనే ముఖ్యమని నా దృఢమైన అభిప్రాయం. తాగుడు సమస్యను గుర్తించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఆడిట్ (AUDIT) ప్రశ్నావళిలో ప్రశ్నలు 10, గరిష్ఠ స్కోరు 40. 8 గానీ అంతకు మించి గానీ వస్తే హానికరమైన తాగుడుగా అనుమానించాలి. రోగి "రోజుకు ఒక్క క్వార్టరే సార్" అంటే ఒక డ్రింకు అని రాసుకోకూడదు. 42.8 శాతం ఆల్కహాలున్న క్వార్టర్, అంటే 180 మిల్లీలీటర్ల బ్రాందీలో సుమారు 60 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. 10 గ్రాములను ఒక డ్రింకుగా లెక్కిస్తే అవి 6 డ్రింకులు. ఇలాంటి లెక్కలను సహోద్యోగులతో కలిసి, రోగి వివరాలు బయటపడకుండా, వారానికొక కేసు చొప్పున చర్చించుకోండి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ వైద్య కళాశాలల మనోవైద్య విభాగాలను అనుమతి కోరి, వారి కేసు చర్చలకూ హాజరయ్యే ప్రయత్నం చేయండి.