బాకీల పేజీకి 40 సెకన్లు, స్లో లాగ్ మాత్రం ఖాళీ

విడవలూరు దగ్గర రొయ్యల మేత అమ్మే కొట్టుకు నేను రాసిచ్చిన ఖాతాల ప్రోగ్రామ్ ఇది. మూడో ఏడాదికి బిల్లులు లక్ష దాటాయి. 400 మంది రైతుల బాకీల పేజీ తెరుచుకోవడానికి 40 సెకన్లు పట్టేది. పట్టుబడి (చెరువుల్లో రొయ్యలు పట్టే) రోజుల్లో లెక్క తేల్చుకుందామని వచ్చిన రైతు అంతసేపూ కౌంటర్ దగ్గర నిలబడాలి. కొట్టు యజమాని కొత్త కంప్యూటర్ కొంటానన్నారు. కారణం తెలిసేదాకా ఆగమన్నాను.

లక్షణం

బిల్లు కొట్టడం, రసీదు తీయడం మామూలుగానే ఉన్నాయి. ఆ ఒక్క పేజీయే నెమ్మది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో (లెక్కలన్నీ ఉండేది ఇందులోనే) నెమ్మది క్వెరీలను, అంటే డేటాను అడిగే ఆదేశాలను, రాసిపెట్టే స్లో క్వెరీ లాగ్ ఆన్ చేశాను, ఏమీ పడలేదు. అందులో పడటానికి హద్దు (లాంగ్ క్వెరీ టైమ్) మామూలుగా 10 సెకన్లు. 1 సెకనుకు దించినా ఖాళీయే. ఇక్కడితో డేటాబేస్ బాగానే ఉందనుకుని వదిలేయకండి. లాంగ్ క్వెరీ టైమ్‌ను కాసేపు 0 చేసి, ఆ పేజీని ఒకసారి తెరిచి, మళ్లీ పాత విలువ పెట్టేయండి. నాకు 400 క్వెరీలు దొరికాయి. ఒక్కోటి సుమారు 0.1 సెకను.

కారణం

లూప్‌లో రైతుకొక క్వెరీ నడుస్తూ, ఫోన్ నంబరుతో బిల్లులు వెతుకుతోంది. కానీ ఫోన్ నంబరు మీద ఇండెక్స్ (త్వరగా వెతికేందుకు సూచిక) ఉన్నప్పుడు 0.1 సెకను కూడా ఎక్కువే. ఒక క్వెరీకి ముందు ఎక్స్‌ప్లెయిన్ పెట్టి, డేటాబేస్ దాన్ని ఎలా నడుపుతుందో చూశాను. పాసిబుల్ కీస్‌లో ఇండెక్స్ పేరుంది, కీ దగ్గర నల్, టైప్ దగ్గర ఆల్. ఇండెక్స్‌ను పక్కనబెట్టి టేబుల్ మొత్తం చదువుతోందన్నమాట. ఫోన్ కాలమ్ వార్‌చార్, అంటే అక్షరాల రకం; క్వెరీలో నంబరేమో కోట్స్ లేకుండా అంకెగా వెళ్తోంది. దాంతో ప్రతి వరుసలోని నంబరునూ అంకెగా మార్చి పోల్చాల్సి వస్తోంది. ఎక్స్‌ప్లెయిన్ తర్వాత షో వార్నింగ్స్ కొడితే ఈ సంగతి అదే చెబుతుంది.

పరిష్కారం

నంబరును స్ట్రింగ్‌గా (అక్షరాల రూపంలో) క్వెరీకి బైండ్ చేయండి. టైప్ దగ్గర ఆల్ పోయి రెఫ్ (ఇండెక్స్‌తో వెతకడం) వస్తుంది. తర్వాత లూప్ తీసేసి, రైతుల వారీగా కూడే గ్రూప్ బైతో అందరి బాకీలూ ఒకే క్వెరీలో తెండి.

తేదీలతోనూ ఇదే ఇబ్బంది. కాలమ్‌ను డేట్ ఫంక్షన్‌లో పెడితే మామూలు ఇండెక్స్ పనిచేయదు. ఈ రోజు 0 గంటల నుంచి రేపటి 0 గంటల లోపు అని రాయండి.

అన్ని పేజీలూ ఒకేలా నెమ్మదిస్తే అప్పుడు ఇన్నోడీబీ బఫర్ పూల్ సైజ్ (డేటాను మెమరీలో ఉంచే చోటు పరిమాణం) చూడండి. మార్చకపోతే అది 128 ఎంబీయే ఉంటుంది.