అమెరికాలో ఫ్రీవే ఎక్కేముందు బోర్డు ఎలా చదవాలి?

బయలుదేరే ముందే మూడు సంగతులు నోటికి రావాలి: రోడ్డు నంబరు, దిక్కు, అటువైపున్న పెద్ద ఊరు. డాలు ఆకారంలో ఉన్న ఎరుపు, నీలం బోర్డు మీద తెల్ల అంకె ఉంటే ఇంటర్‌స్టేట్ (రాష్ట్రాలను కలిపే జాతీయ ఫ్రీవే). ఇంతవరకూ ఎవరికైనా వచ్చు.

దిక్కును మాత్రం సూర్యుణ్ని చూసి తేల్చకండి. బోర్డు మీది దిక్కు మొత్తం రోడ్డుది, మీరున్న వంపుది కాదు. కాలిఫోర్నియాలో బర్క్‌లీ దగ్గర 80 ఈస్ట్, 580 వెస్ట్ ఒకే రోడ్డు. కార్లు వెళ్లేదేమో ఉత్తరానికి. ఊరి పేరునే నమ్మాలి.

కాలిఫోర్నియాలో ర్యాంపు (ఫ్రీవే ఎక్కే, దిగే పక్కదారి) మొదట్లోనే ‘ఫ్రీవే ఎంట్రన్స్’ అని ఆకుపచ్చ బోర్డు, దానితోపాటే నంబరు, దిక్కు, బాణం ఉంటాయి. ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. జాతీయ నియమాల్లో అది తప్పనిసరి కాదు కాబట్టి చాలా రాష్ట్రాలు డాలు, దిక్కు, బాణంతో సరిపెడతాయి. టెక్సాస్‌లో ముందు పక్కనున్న సర్వీస్ రోడ్డెక్కాలి (హ్యూస్టన్‌లో ఫీడర్ అంటారు). ర్యాంపు ఎడమవైపు వస్తుంది. దాటిపోతే రివర్స్ చేయకండి, ముందు ఇంకోటి ఉంటుంది.

అసలు ప్రమాదం లెఫ్ట్ తిరిగేచోట. మామూలు డైమండ్ ఇంటర్‌చేంజ్‌లో (నాలుగు ర్యాంపులు వజ్రం ఆకారంలో కలిసే కూడలి) బ్రిడ్జికి ముందు ఎడమన కనిపించేది ఫ్రీవే దిగే ర్యాంపు. ఎక్కేది బ్రిడ్జి దాటాక. జీపీఎస్ ‘టర్న్ లెఫ్ట్’ అనగానే తిప్పితే ఎదురుగా వచ్చే కార్లలోకి పోతారు. మన దగ్గర రోడ్డుకి ఎడమన నడిపి అలవాటైనవాళ్లకు ఇది మరీ ప్రమాదం: ఎడమ మలుపును దగ్గరగా కోసేస్తారు. ఎక్కేది, దిగేది పక్కపక్కనే ఉండే క్లోవర్‌లీఫ్ రకాల్లో (ర్యాంపులు ఆకుల్లా గుండ్రంగా తిరిగేవి) రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే డాలూ బాణమూ కళ్లారా చూశాకే స్టీరింగ్ తిప్పాలి. బోర్డు కనబడకపోతే నేరుగా పోవడమే. పోయేది ఐదు నిమిషాలే.

తిరిగాక గీతలు చూడండి. పసుపు గీత ఎడమన, తెల్లది కుడిన ఉండాలి. పసుపు కుడిన ఉన్నా, ‘డు నాట్ ఎంటర్’, ‘రాంగ్ వే’ అని ఎర్ర బోర్డులు మీకేసి చూస్తున్నా, రాత్రిపూట రోడ్డు మీది రిఫ్లెక్టర్ బిళ్లలు హెడ్‌లైట్లకు ఎర్రగా మెరిసినా మీరు ఎదురు వెళ్తున్నట్టే. వెంటనే అంచుకి తీసి ఆపండి, హజార్డ్ లైట్లు వేయండి, ఏ కారూ రావడం లేదని చూసుకున్నాకే వెనక్కి తిప్పండి.

సరైన ర్యాంపులో సిగ్నల్ ఎర్రగా ఉంటే ఆగాలి. సాధారణంగా ఒక గ్రీన్‌కి ఒకే కారు.