కంపెనీ స్టీరియోకు పెట్టించిన సబ్, యాంప్ మొరాయిస్తే

బండితో వచ్చిన స్టీరియోను అలాగే ఉంచి, డిక్కీలో ఒక యాంప్ (యాంప్లిఫయర్), ఒక సబ్ (బేస్ పాడే సబ్‌వూఫర్ స్పీకర్) పెట్టించుకోవడం ఇప్పుడు హన్మకొండలోనూ కరీంనగర్‌లోనూ మామూలే. టచ్ స్క్రీన్, రివర్స్ కెమెరా, స్టీరింగ్ బటన్లు అన్నీ దానితోనే ముడిపడి ఉంటాయి కాబట్టి దాన్ని పీకేయడానికి ఎవరికీ మనసొప్పదు. చిక్కల్లా ఆ స్టీరియోను బయటి యాంప్ కోసం చేయకపోవడమే. చాలా మోడళ్లలో ఆర్‌సీఏ సాకెట్లు (యాంప్‌కు సిగ్నల్ పంపేవి) ఉండవు, యాంప్‌ను ఆన్ చేసే రిమోట్ వైరుండదు. పైగా వాల్యూమ్ పెంచేకొద్దీ బేస్‌ను తనే కోసేసే స్టీరియోలు కూడా ఉన్నాయి. కాబట్టి సబ్ మూగబోగానే "యాంప్ పోయింది" అని తేల్చొద్దు. ముందు కరెంటు, తర్వాత ఎర్త్ (బండి రేకుకు బిగించే మైనస్ వైరు), తర్వాత సిగ్నల్, ఆఖరున యాంప్. కొత్త యాంప్‌కు వేల రూపాయలు పెట్టే ముందు మూడు నాలుగు వందల రూపాయల డిజిటల్ మల్టీమీటర్ కొనడం మేలు.

యాంప్ లైటే వెలగకపోతే

యాంప్ మీద మూడు కనెక్షన్లుంటాయి: ప్లస్, ఎర్త్, రిమోట్. మీటర్‌ను 20 వోల్టుల డీసీలో పెట్టి, నల్ల ప్రోబ్‌ను యాంప్ ఎర్త్ స్క్రూ మీద ఆనించి, ఎర్ర ప్రోబ్‌తో ప్లస్ చూడండి. ఇంజిన్ ఆపి ఉంటే 12.4 నుంచి 12.7, నడుస్తుంటే 13.8 నుంచి 14.4 రావాలి. సున్నా వస్తే బ్యాటరీ దగ్గరి ఫ్యూజ్‌కు వెళ్లండి. కంటితో చూసి బాగుందనుకోవద్దు. ఫ్యూజ్ రెండు చివర్లలోనూ వోల్టేజీ విడివిడిగా చూడండి. గాజు ఫ్యూజ్ హోల్డర్లలో ఫ్యూజ్ బాగానే ఉన్నా లోపలి స్ప్రింగ్ వేడికి వదులై కరెంటు అందదు. ఈ ఫ్యూజ్ బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. లేకపోతే వైరు ఎక్కడైనా బాడీకి రాసుకున్నప్పుడు ఫ్యూజ్ బదులు వైరే అంటుకుంటుంది. ఫ్యూజ్ పదేపదే పోతుంటే పెద్దది వేయకండి. ఇంజిన్ గోడలోంచి వైరు లోపలికొచ్చే రంధ్రం దగ్గర రబ్బరు గ్రోమెట్ (వైరు తొడుగును కాపాడే రింగు) ఉందో లేదో చూడండి. తొడుగు తెగేది ఎక్కువగా అక్కడే.

ప్లస్ బాగుండి రిమోట్‌లో వోల్టేజీ లేకపోతే ఒక చిన్న పరీక్ష: ప్లస్ నుంచి రిమోట్‌కు చిన్న వైరు ముక్క తాకించండి. లైటు వెలిగితే యాంప్ ఆన్ అవుతోంది, లోపం రిమోట్‌లో ఉంది. చాలా యాంపులు స్పీకర్ వైర్ల నుంచి సిగ్నల్ పసిగట్టి వాటంతటవే ఆన్ అవుతాయి. కంపెనీ స్టీరియో స్పీకర్ వైర్ల మీద ఎర్త్‌తో చూస్తే దాదాపు 6 వోల్టుల డీసీ ఉంటుంది, ఆ యాంపులు గుర్తుపట్టేది దాన్నే. మధ్యలో లైన్ కన్వర్టర్ (స్పీకర్ సిగ్నల్‌ను ఆర్‌సీఏకు తగ్గట్టు తగ్గించే చిన్న డబ్బా) పెడితే ఆ డీసీ అవతలికి పోదు, యాంప్ మేల్కోదు. అలాంటప్పుడు ఫ్యూజ్ బాక్సులో సిగరెట్ లైటర్ సాకెట్ ఫ్యూజ్ నుంచి ఫ్యూజ్ ట్యాప్‌తో (ఫ్యూజ్ స్థానంలో గుచ్చి అదనపు వైరు లాగే క్లిప్పు) రిమోట్ వైరు లాగాలి. దానికి 2 ఆంపియర్ల ఫ్యూజ్ చాలు. తాళంచెవి తీశాక ఆ సాకెట్‌లో కరెంటు ఆగిపోతోందో లేదో ముందే చూసుకోండి. కొన్ని బండ్లలో ఆగదు.

ఎర్త్: సగం రోగాలు ఇక్కడే

బేస్ కొట్టినప్పుడల్లా యాంప్ ఆరి వెలగడం, ప్రొటెక్ట్ లైటు (యాంప్ తనను కాపాడుకోవడానికి ఆగిందని చెప్పేది) వెలగడం, ఇంజిన్‌తో పాటు పెరిగే కీచు శబ్దం, ఊరికే వేడెక్కడం... ఈ నాలుగింటికీ ఒకే కారణం ఉండొచ్చు. రంగు మీద బిగించిన ఎర్త్. సీటు బెల్టు బోల్టుకు బిగించినవీ కనిపిస్తాయి. ఆ బోల్టును ముట్టుకోవద్దు, అది ప్రాణానికి సంబంధించింది.

పరీక్ష ఇలా చేయండి. ఇంజిన్ నడుస్తుండగా బేస్ ఎక్కువున్న పాట గట్టిగా పెట్టండి. మీటర్ డీసీ 2 వోల్టుల రేంజ్‌లో, ఒక ప్రోబ్ యాంప్ ఎర్త్ స్క్రూ మీద, రెండోది పక్కనే రంగు గీకిన బాడీ రేకు మీద. 0.1 వోల్టు దాటితే ఆ జాయింట్ బాగోలేదు. తర్వాత పొడవాటి వైరు కట్టి రెండో ప్రోబ్‌ను బ్యాటరీ మైనస్ పోస్టు దాకా తీసుకెళ్లండి. ఇక్కడ 0.2 దాకా పర్వాలేదు. మొదటిది తక్కువగా ఉండి ఇది 0.5కు చేరితే లోపం డిక్కీలో లేదు, బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే పట్టీలో ఉంది. పాట ఆపి చూస్తే రెండూ సున్నాకు దగ్గరగా చూపిస్తాయి, అందుకే షాపులో నిలబెట్టి చూస్తే ఏమీ దొరకదు.

బాగుచేసేటప్పుడు ముందు బ్యాటరీ మైనస్ విప్పండి. దళసరి రేకు ఉన్నచోటు ఎంచుకుని, రూపాయి బిళ్లంత మేర రంగూ ప్రైమరూ పోయి రేకు మెరిసేదాకా ఇసుక కాగితంతో రుద్దండి. వైరు చివర రాగి థింబుల్‌ను ప్రెస్ టూల్‌తో నొక్కించి, పళ్ల వాషర్ వేసి బోల్టు బిగించండి. బిగించాక పైన కొంచెం వాసెలిన్ పూస్తే తుప్పు పట్టదు. పూసి బిగించడం కాదు, బిగించి పూయాలి. వైరు 45 సెంటీమీటర్లు మించకూడదు, ప్లస్ వైరంత లావుండాలి. రంధ్రం కొట్టేముందు రేకు కింద పెట్రోల్ ట్యాంకు గానీ, సీఎన్‌జీ పైపు గానీ లేదని వంగి చూడండి.

వైరు లావు గురించి కూడా ఒక మాట. 300 వాట్ల ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల అసలు పవర్) యాంప్‌కు 8 గేజ్ రాగి వైరు కావాలి. కిట్లు దొరక్కపోతే కరెంటు సామాన్ల దుకాణంలో దొరికే 10 చదరపు మిల్లీమీటర్ల మల్టీస్ట్రాండ్ రాగి వైరు అంతకంటే కాస్త లావే. చవక కిట్లలో పైన రాగి పూత, లోపల అల్యూమినియం. ఒక పోగును బ్లేడుతో గీకితే తెల్లగా బయటపడుతుంది. అది వాడాల్సి వస్తే ఒక సైజు లావుది వేయాలి.

ప్రొటెక్ట్ లైటు

స్పీకర్ వైర్లు, సిగ్నల్ వైర్లు రెండూ పీకేసి కరెంటు మాత్రమే ఇవ్వండి. అప్పటికీ ప్రొటెక్ట్ ఆరకపోతే, ఎర్త్ బాగుంటే, యాంప్ లోపలే పోయింది. ఆరితే సబ్ వైపు చూడాలి. యాంప్ నుంచి విప్పిన సబ్ వైర్ల మధ్య ఓములు కొలవండి. 4 ఓముల కాయిల్ 3.2 నుంచి 3.8 దాకా, 2 ఓములది 1.6 నుంచి 1.9 దాకా చూపిస్తుంది. అసలేమీ చూపకపోతే కాయిల్ తెగింది. అర ఓము కంటే తక్కువైతే ఎక్కడో వైర్లు కలిశాయి. మీటర్ ప్రోబ్‌లు రెండూ ఒకదానికొకటి తాకిస్తే వచ్చే అంకెను తీసేసి లెక్కించండి, చవక మీటర్లలో అదే 0.3 ఉంటుంది.

రెండు కాయిల్స్ ఉన్న సబ్‌తో పొరపాటు సులువు. 4 ఓముల కాయిల్స్ రెండిటినీ పక్కపక్కన (ప్యారలల్‌గా) కలిపితే 2 ఓములు, వరసగా (సిరీస్‌లో) కలిపితే 8. రెండు చానళ్ల యాంప్‌ను బ్రిడ్జి చేస్తే (రెండు చానళ్లనూ కలిపి ఒకే సబ్‌కు ఇస్తే) సాధారణంగా 4 ఓములకు తగ్గకూడదు. దానికి 2 ఓములు తగిలిస్తే ఒక్కో చానల్ మీద 1 ఓము భారం పడుతుంది, చిన్న వాల్యూమ్‌లో పాడి, పెంచగానే ప్రొటెక్ట్‌కు పోతుంది.

ఇరవై నిమిషాలు పాడి ఆగి, పది నిమిషాల తర్వాత తనే పాడితే అది వేడి. మే నెలలో వరంగల్ ఎండ 44 డిగ్రీలు తాకుతుంది, ఎండలో నిలిపిన బండి లోపల అంతకంటే చాలా ఎక్కువ. యాంప్‌ను కార్పెట్ కిందో, సబ్ డబ్బా మీదో బిగించకండి. డబ్బా అదురుకు లోపలి టాంకాలు కూడా విడిపోతాయి. రేకుల చుట్టూ కనీసం నాలుగైదు సెంటీమీటర్ల గాలి వదలాలి.

లైటు వెలుగుతుంది, శబ్దం లేదు

ముందు స్టీరియోలో ఫేడర్ (ముందు, వెనక స్పీకర్ల మధ్య శబ్దాన్ని పంచే సెట్టింగ్) చూడండి. వెనక స్పీకర్ల నుంచి సిగ్నల్ లాగి ఉంటే, ఎవరో ఫేడర్ ముందుకు జరిపితే సబ్ ఆగిపోతుంది. విప్పదీసే పనే ఉండదు. ట్వీటర్ (సన్నని స్వరాల చిన్న స్పీకర్) వైరు నుంచి లాగినా బేస్ రాదు, దానికి ముందున్న కెపాసిటర్ బేస్‌ను ఆపేస్తుంది. స్పీకర్ వైరు కోసి నేరుగా ఆర్‌సీఏ సాకెట్‌లో పెట్టిన బండ్లూ ఉంటాయి. శబ్దం పగిలినట్టు వస్తుంది, స్పీకర్ మైనస్ ఎర్త్‌కు తగిలితే స్టీరియో చానలే కాలిపోవచ్చు. కంపెనీ స్టీరియో స్పీకర్ మైనస్ ఎప్పుడూ ఎర్త్ కాదు. యాంప్‌కు హై లెవెల్ ఇన్‌పుట్ (స్పీకర్ వైర్లను నేరుగా తీసుకునేది) ఉంటే అందులో, లేకపోతే లైన్ కన్వర్టర్ ద్వారా ఇవ్వాలి. వైర్లు కోయకుండా మీ మోడల్‌కు సరిపడే కప్లర్ (మధ్యలో గుచ్చే వైరు సాకెట్) తెప్పించుకుంటే వారంటీ గొడవ కూడా తక్కువ.

యాక్సిలరేటర్‌తో పాటు పెరిగే కీచు అయితే ముందు ఎర్త్ పరీక్ష. అది బాగుంటే ఆర్‌సీఏ వైరు కరెంటు వైరు పక్కనే వెళ్తోందేమో చూడండి. ఒకటి ఎడమ, ఒకటి కుడి అంచున వెళ్లాలి.

బేస్ పలచగా ఉంటే

మొదట యాంప్ మీది ఫేజ్ స్విచ్ (సబ్ కదిలే దిశను తిరగేసేది) 0, 180 రెండింటిలోనూ విని, బేస్ నిండుగా వచ్చినచోట ఉంచండి. రెండు సబ్‌లుంటే ఒక్కోదానికి ఒకటిన్నర వోల్టు సెల్లు తాకించండి. రెండు కోన్‌లూ ఒకే వైపు కదలాలి.

స్టీరియోనే బేస్ కోస్తోందా అని తెలుసుకోవడానికి 50 హెర్ట్జ్ టోన్ ఫోన్లోకి దించుకోండి. 50 ఎందుకంటే ఇంటి కరెంటు ఫ్రీక్వెన్సీ అదే, చవక మీటర్ కూడా దాన్ని సరిగ్గా కొలుస్తుంది. సబ్ విప్పేసి, ఆ టోన్ పెట్టి, స్టీరియో స్పీకర్ వైర్ల మధ్య ఏసీ వోల్టేజీ చూస్తూ వాల్యూమ్ రెండేసి మెట్లు పెంచండి. ప్రతి మెట్టుకూ అంకె పెరగాలి. సగం దాటాక పెరగకుండా ఆగినా, తగ్గినా బేస్‌ను కోస్తున్నది స్టీరియోనే. యాంప్ మీది గెయిన్ (సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే నాబ్) పెంచి లాభం లేదు, బేస్‌ను తిరిగి నిలబెట్టే ప్రాసెసర్ కావాలి.

అంకె బాగానే పెరుగుతుంటే గెయిన్ సరిచేయండి. సబ్ విప్పే ఉంచండి, అదే టోన్, వాల్యూమ్ ముప్పావు, బేస్ బూస్ట్ సున్నా, క్రాసోవర్ (సబ్‌కు ఏ ఫ్రీక్వెన్సీ దాకా పంపాలో చెప్పే నాబ్) 80 హెర్ట్జ్. యాంప్ అవుట్‌పుట్‌లో ఏసీ వోల్టేజీ చూస్తూ గెయిన్ నెమ్మదిగా తిప్పండి. వాట్లను ఓములతో గుణించి వర్గమూలం తీస్తే ఎక్కడ ఆపాలో వస్తుంది: 4 ఓములకు 300 వాట్లయితే 34.6 వోల్టులు, 200 అయితే 28.3. వాట్లంటే ఆర్‌ఎంఎస్. డబ్బా మీది 1500 వాట్లను నమ్మకండి. యాంప్ మీది ఫ్యూజ్ 25 ఆంపియర్లదైతే లోపలికి వెళ్లేదే 345 వాట్లు, బయటికి అంతకంటే తక్కువే.

కోన్‌ను రెండు చేతుల వేళ్లతో సమంగా నొక్కినప్పుడు గరగర రాసుకుంటే కాయిల్ కాలి ఉబ్బింది. దాన్ని గెయిన్ బాగుచేయదు.

ఎలుక, వాన, పొద్దున్నే చచ్చిన బ్యాటరీ

వరంగల్ ఏనుమాముల మార్కెట్ వైపు, రైస్ మిల్లుల పక్కన రాత్రిళ్లు నిలిపే బండ్లలో కార్పెట్ కింది వైర్లను ఎలుకలు కొరుకుతాయి. ముడతల పైపు తొడిగితే కొంత నయం. వానాకాలం నీళ్లలోంచి వచ్చిన బండిలో సీటు కింద యాంప్ ఉంటే, ఆన్ చేయకుండా ఫ్యూజ్ పీకి ముందు కార్పెట్ ఎత్తి చూడండి.

పొద్దున స్టార్ట్ కాకపోతే, తాళంచెవి తీసి కాసేపు ఆగి రిమోట్ స్క్రూ మీద వోల్టేజీ చూడండి. 12 కనిపిస్తే యాంప్ రాత్రంతా మేలుకునే ఉంది. పాట లేకున్నా 1 ఆంపియర్ లాగితే పన్నెండు గంటల్లో 12 ఆంపియర్ అవర్లు, చిన్న కార్ల 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో మూడోవంతు. ఖచ్చితంగా కొలవాలంటే బ్యాటరీ దగ్గరి ఫ్యూజ్ తీసి, మీటర్‌ను 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, ఫ్యూజ్ ఉన్నచోట ప్రోబ్‌లు ఆనించండి. కొన్ని మిల్లీ ఆంపియర్లకు మించకూడదు. అలా పెట్టి ఉండగా తాళం తిప్పొద్దు, పాట పెట్టొద్దు, మీటర్ ఫ్యూజ్ ఎగిరిపోతుంది.