కరెంటు బిల్లులో వాయిదాలకు ఒప్పుకునే ముందు

విద్యుత్ పంపిణీ సంస్థే పెట్టుబడి పెట్టి తక్కువ కరెంటు తినే ఫ్యాన్లు, ఏసీలు బిగించి, ఆ ఖర్చును బిల్లులో ఆదా అయిన సొమ్ములోంచి నెలనెలా రాబట్టుకునే పద్ధతి కోనసీమ ప్రభుత్వ కార్యాలయాలకు మేలే. సంతకానికి ముందు మాత్రం ఇవి చూడండి.

• గత 12 నెలల బిల్లులు తీయండి. వాడకం ఎక్కువుండే ఒక్క మే నెల బిల్లుతో ఆదా లెక్కేసి మురిసిపోవద్దు.

• పాత బకాయిలు ముందే తేల్చండి.

• పాత ఫ్యాను దాదాపు 75 వాట్లు, బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే, బ్రష్‌లు లేని మోటారు) ఫ్యాను సుమారు 30. రోజుకు 8 గంటలు తిరిగితే మిగిలేది 0.36 యూనిట్లు. అసలు తిరగని ఫ్యాన్లను ఆదా లెక్కలో చేర్చనివ్వకండి. అది ప్రజల సొమ్ము.

• అంతర్వేది వైపు ఉప్పుగాలికి ఏసీ బయటి యూనిట్లు త్వరగా తుప్పు పడతాయి. మరమ్మతు ఎవరిదో, ఎన్ని రోజుల్లోనో రాయించండి.

• లంక గ్రామాల్లో స్విచ్చు బోర్డులు, మీటర్లు వరద మట్టానికి పైనే ఉండాలి.

• ఎర్తింగ్ పరీక్షించాకే పని మొదలుపెట్టించండి.