రెండు క్లాసులు కలిపే ముందు చూసుకోవాల్సినవి

ఇవి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రధారణ ఆట 5వ ఎడిషన్ (2014) రూల్స్ ప్రకారం రాసినవి. ఇందులో క్లాసు అంటే మీ పాత్ర చేసే వృత్తి: ఫైటర్ (యోధుడు), పాలడిన్ (పవిత్ర యోధుడు), బార్బేరియన్ (ఆవేశపు యోధుడు), విజార్డ్, సోర్సరర్ (మంత్రగాళ్లు) లాంటివి.

ముందుగా మీ గేమ్ మాస్టర్‌ని అడగండి. మల్టీక్లాస్ (ఒకే పాత్రకి ఒకటి కన్నా ఎక్కువ క్లాసులు) ఐచ్ఛిక నియమం, ఒప్పుకోకపోతే ప్లాన్ అంతా వృథా.

పాత క్లాసుకీ కొత్త క్లాసుకీ కావలసిన ముఖ్య లక్షణాల్లో కనీసం 13 స్కోరు ఉందా? పాలడిన్‌కి బలం, ఆకర్షణ రెండూ 13 ఉండాలి. సోర్సరర్‌కీ ఆకర్షణే ఆధారం కాబట్టి ఈ జోడీ బాగా కుదురుతుంది. బార్బేరియన్, విజార్డ్ జోడీ జోలికి మాత్రం వెళ్లకండి. రేజ్‌లో (బార్బేరియన్ ఆవేశంలో) ఉండగా మంత్రం వేయలేరు, మంత్రాన్ని కొనసాగించే ఏకాగ్రత కూడా నిలవదు.

5వ లెవెల్ దాటకుండా క్లాసు మార్చకండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఇదే. ఫైటర్‌కి రెండో దాడి (ఎక్స్‌ట్రా అటాక్), విజార్డ్‌కి ఫైర్‌బాల్ మంత్రం అక్కడే వస్తాయి. 4 దగ్గర ఆగి పక్కకు వెళితే, తోటివాళ్లు రెండు దెబ్బలు కొడుతుంటే మీరు ఒక్కటే కొడుతూ చాలా సెషన్లు గడపాలి. అది నిజంగా బాధగా ఉంటుంది. పైగా రెండు క్లాసుల నుంచి ఎక్స్‌ట్రా అటాక్ వచ్చినా దాడులు మూడు కావు.

లక్షణాలు పెంచుకునే అవకాశం ఆ క్లాసు 4వ లెవెల్‌కి వస్తుంది, మొత్తం లెవెల్‌కి కాదు. రెండు క్లాసుల్లో 3+3 లెవెల్స్ అయితే ఒక్కటీ రాదు.

ఏ క్లాసుతో మొదలుపెడతారో కూడా ఆలోచించండి. సేవింగ్ త్రో (ప్రమాదాన్ని తట్టుకోవడానికి వేసే పాచిక) నైపుణ్యాలు మొదటి క్లాసు నుంచే వస్తాయి. ఫైటర్‌ని తర్వాత చేర్చుకుంటే బరువైన కవచం వాడే శిక్షణ రాదు.

చివరగా, జట్టులో వైద్యం చేసేవాళ్లు ఉన్నారా అని కనుక్కోండి.