టర్బో కారులో ఇన్‌టేక్ మానిఫోల్డ్, థ్రాటిల్ బాడీ ఎంపిక: సమస్య - పరిష్కారం

టర్బో ఇంజిన్‌కు ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని పంచే భాగం), థ్రాటిల్ బాడీ (పెడల్‌ను బట్టి గాలిని నియంత్రించే కవాటం) మార్చిన తర్వాత తలెత్తే చిక్కులకు మూలం తరచుగా ఎంపికలోనే ఉంటుంది. లాన్సర్ ఎవల్యూషన్ తొలి తొమ్మిది తరాల్లో మిత్సుబిషి వాడిన 1997 సీసీ 4జీ63 ఇంజిన్‌ను ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నాం.

సమస్య: పెడల్ కాస్త నొక్కగానే కారు ఒక్క ఉదుటున ముందుకు దూకుతుంది, పూర్తిగా నొక్కినా శక్తి మాత్రం పెరగలేదు.

కారణం: థ్రాటిల్ అవసరానికి మించి పెద్దది. బూస్ట్ (టర్బో గాలికి ఇచ్చే అదనపు ఒత్తిడి) పెంచితే థ్రాటిల్ కూడా పెంచాలన్న నమ్మకం బలంగా ఉంది గానీ, థ్రాటిల్ ఉండేది టర్బోలో గాలిని కుదించే కంప్రెసర్ తర్వాత కనుక అక్కడికి చేరే గాలి అప్పటికే ఒత్తిడికి కుదించుకుపోయి, ఇంటర్‌కూలర్‌లో చల్లబడి ఉంటుంది. దాని బరువు పెరిగినా ఘనపరిమాణం దాదాపు టర్బో లేని అదే ఇంజిన్ పీల్చేటంతే. ఈ ఇంజిన్ 7000 ఆర్‌పీఎమ్ దగ్గర సెకనుకు సుమారు 117 లీటర్లు పీలుస్తుందనుకుంటే, 60 మి.మీ. థ్రాటిల్‌లో గాలి సగటు వేగం సెకనుకు 41 మీటర్లే. 70 మి.మీ.కి మారితే వైశాల్యం 36 శాతం పెరుగుతుంది, దాని ప్రభావమంతా పెడల్ తొలి కదలికలోనే తెలుస్తుంది.

పరిష్కారం: థ్రాటిల్‌కు ముందూ వెనకా ఒత్తిడిని పూర్తి లోడ్‌లో కొలవాలి. తేడా స్వల్పమైతే పాత థ్రాటిల్‌నే ఉంచడం మేలు. తేడా గణనీయంగా ఉంటేనే పెద్దది ఎంచుకుని, మానిఫోల్డ్ మూతిని కూడా అదే వ్యాసానికి సరిచేయించాలి, లేకపోతే అక్కడ ఏర్పడే మెట్టు ఆ లాభాన్ని తినేస్తుంది.

సమస్య: తక్కువ ఆర్‌పీఎమ్‌లో ఇంజిన్ మందగించి, బూస్ట్ ఆలస్యంగా అందుతుంది.

కారణం: పొట్టి రన్నర్లు (మానిఫోల్డ్ నుంచి ఒక్కో సిలిండర్‌కు గాలిని చేర్చే గొట్టాలు). రన్నర్ పొడవు తగ్గేకొద్దీ ఒత్తిడి తరంగాలు సిలిండర్‌ను బాగా నింపే స్థితి పై ఆర్‌పీఎమ్‌కు జరుగుతుంది. కింది ఆర్‌పీఎమ్‌లో గాలి తగ్గితే ఎగ్జాస్ట్ కూడా తగ్గుతుంది కనుక దానితో తిరిగే టర్బో టర్బైన్ నెమ్మదిగా పుంజుకుంటుంది.

పరిష్కారం: రోడ్డు మీద నడిపే కారుకు కంపెనీ మానిఫోల్డ్‌ను మించినది అరుదు. ట్రాక్ కోసమే మార్చేటట్లయితే ప్లీనమ్ (రన్నర్లకు ముందు గాలి నిలిచే మానిఫోల్డ్ గది) పరిమాణాన్ని ఇంజిన్ సామర్థ్యానికి ఒకటి నుంచి ఒకటిన్నర రెట్ల మధ్య ఉంచడం సాధారణంగా సరిపోతుంది.

సమస్య: ఐడిలింగ్ నిలకడగా ఉండదు, బూస్ట్‌లో నల్లపొగ వస్తుంది.

కారణం: లీకు. ఈ ఇంజిన్‌లో గాలిని కొలిచే సెన్సర్ టర్బోకు ముందే ఉంటుంది. అందువల్ల థ్రాటిల్ తర్వాత ఉన్న లీకు గుండా ఐడిలింగ్‌లో కొలతకు రాని గాలి లోపలికి చేరి మిశ్రమం పలచబడుతుంది. బూస్ట్‌లో మాత్రం కొలిచిన గాలే బయటికి పోయి ఇంధనం ఎక్కువవుతుంది.

పరిష్కారం: టర్బో నోటికి మూత బిగించి, క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగున క్రాంక్ తిరిగే గది) గొట్టాలను మూసి, బయటి ఎయిర్ కంప్రెసర్‌తో నెమ్మదిగా గాలి ఎక్కించి సబ్బునీళ్లతో గ్యాస్కెట్, థ్రాటిల్ షాఫ్ట్ సీళ్లు, గొట్టాల అతుకులు పరీక్షించాలి. క్రాంక్‌కేస్ గొట్టాలు మూయకపోతే ఆయిల్ సీళ్లు దెబ్బతినవచ్చు. లీకు లేదని తేలాకే థ్రాటిల్ పొజిషన్ సెన్సర్‌ను సరిచేసుకోవాలి.

సమస్య: ఒక్క సిలిండర్ స్పార్క్ ప్లగ్ మాత్రం మిగతావాటికంటే తెల్లగా కాలుతోంది.

కారణం: ప్లీనమ్ ఒక చివర థ్రాటిల్ ఉన్న మానిఫోల్డ్‌లో గాలి అన్ని రన్నర్లకూ సమంగా పంచబడక, ఎక్కువ గాలి అందిన సిలిండర్‌లో మిశ్రమం పలచబడవచ్చు, ఇంజెక్టర్ పూడుకుపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది.

పరిష్కారం: ఇంజెక్టర్లను ముందుగా పరీక్షించి, తర్వాత ప్రతి సిలిండర్ ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రతను విడిగా కొలవాలి. తేడా అలాగే ఉంటే, చివరికి సన్నబడే ప్లీనమ్ ఉన్న మానిఫోల్డ్‌కు మారాలి. అప్పటిదాకా బూస్ట్ తగ్గించే నడపాలి, ఎందుకంటే నాక్ (మిశ్రమం అదుపు తప్పి దానంతటదే పేలడం) మొదలైతే ముందు కరిగేది ఆ సిలిండర్ పిస్టనే.