పొందికైన ఇల్లు – 4వ పాఠం: మూడో కుప్ప

ఇంట్లోని వస్తువులను ఉంచుకునేవి, ఇచ్చేసేవి, తేల్చుకోలేనివి అని మూడు కుప్పలుగా వేయమని గత పాఠంలో చెప్పాను. మొదటి రెండింటి సంగతి మీరే చూసుకోగలరు. మీ ఉత్తరాలన్నీ మూడో కుప్ప గురించే వచ్చాయి. దానికి గడువు చెప్పకపోవడం నా పొరపాటు. గడువు లేకపోవడంతో విజయనగరంలోని ఒక సోదరి ఇంట్లో ఆ కుప్ప ముందుగదిలో నుంచి పడకగదికీ, అక్కడి నుంచి అటక మీదికీ చేరిందట.

ఈ అటక సంగతి గట్టిగా చెప్పక తప్పదు. అటక మీదికి ఎక్కించడాన్ని సర్దడమని దయచేసి అనకండి. నిచ్చెన వేస్తే తప్ప అందని వస్తువును ఏడాది పొడవునా ఎవరూ ముట్టుకోరు. ఈలోగా మన తీరప్రాంతపు చెమ్మకు ఇత్తడికి చిలుము పడుతుంది, గంజి బట్టకు పురుగు పడుతుంది. పొందూరు ఖద్దరు పంచెనే తీసుకోండి. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, చేత్తో వడికి, మగ్గం మీద నేసిన బట్ట అది. తాతగారి గుర్తని అలాంటి పంచెను గంజితోనే ట్రంకు పెట్టెలో దాచి, మడతల వెంబడి చిరిగిపోయాక తీసి కన్నీళ్లు పెట్టుకున్న ఇల్లు నాకు తెలుసు. ఉంచుకోదలిస్తే గంజి పోయేలా ఉతికి, బాగా ఆరబెట్టి, అప్పుడప్పుడు మడత మార్చాలి. అంత శ్రద్ధ పెట్టలేకపోతే కట్టుకునే మనవడికి ఇవ్వడమే ఆ పంచెకు మర్యాద. బుడితి ఇత్తడి చెంబులైనా అంతే: నేనైతే ఒక్కటి రోజూ వాడుకుని, మిగిలినవి ఆడపడుచులకు పంచుతాను. అవి అత్తగారివైతే మాత్రం ఆవిడను అడగకుండా కదపరాదు. అటకకు బదులు కొత్త ప్లాస్టిక్ డబ్బాలు కొన్నామని రాసినవారికీ నా మాట ఇదే: డబ్బాలో దాచడమూ సర్దడం కాదు.

పలాస వైపు నుంచి ఒక అన్నగారు అడిగినది వేరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేక ఇబ్బంది పడిన ఆ ఇంట్లో ఇప్పుడు ఆరు నీళ్ల డ్రమ్ములు, నాలుగు లాంతర్లు, రెండు టార్పాలిన్లు ఉన్నాయి. వీటిని ఏ కుప్పలో వేయాలన్నది ఆయన ప్రశ్న. తుపాను సామాను తేల్చుకోలేని కుప్పలోకి రాదు, ఎందుకంటే దాని అవసరం ఏ నెలల్లో వస్తుందో మనకు తెలుసు. ఇంట్లోవారికి సరిపడినంత ఉంచి, ఏటా సెప్టెంబరులో ఒకసారి లాంతరు వెలిగించి, డ్రమ్ములో నీళ్లు పోసి చూడండి. కారుతున్న డ్రమ్మును ఆ రోజే వదిలించుకోవాలి.

ఇక వస్తువును చేతిలోకి తీసుకున్నప్పుడు ‘పనికొస్తుందా’ అని అడగవద్దు. ఆ ప్రశ్నకు పగిలిన బకెట్టు కూడా వస్తుందనే చెబుతుంది. ఏ పనికి, ఏ నెలలో, ఎవరి చేతిలో అని అడగండి. మూడింటికీ జవాబు లేని వస్తువు ఇచ్చేసే కుప్పలోకి వెళ్లాలి. విరిగిన ప్లాస్టిక్ సామానును భోగి మంట కోసం దాచకండి, ఆ పొగ పిల్లల ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. పాత సామాన్లు కొనేవారికి వేయండి.

సాధన: మూడో కుప్పలోని ప్రతి వస్తువుకూ ఈ రోజు తేదీ రాసిన చీటీ కట్టి, అందరూ నడిచే చోట, కంటికి అడ్డంగా పెట్టండి. రెండో అమావాస్య నాటికి చీటీ విప్పని వస్తువు గడప దాటాలి. కాగితాలను మాత్రం ముట్టుకోవద్దు. పట్టాదారు పాసుపుస్తకం, పాత కరెంటు బిల్లులు ఒకే సంచిలో ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి కనుక, వాటిని వచ్చే పాఠంలో కలిసి విడదీద్దాం.